‘గుర్తించింది’ అంటే ఏ గుర్తింపు? అమెరికా, చైనాలపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అమెరికా, చైనాల మీదే. అన్నిటికీ జవాబు రాయడానికి చోటు చాలదు కనుక ఆరింటిని ఎంచుకున్నాను. ఒక దినపత్రిక అంతర్జాతీయ వార్తల డెస్కులో ఇరవై ఎనిమిదేళ్లు ఏజెన్సీ వార్తల్ని తెలుగు చేసినవాణ్ణి. ఆయుధాల లెక్కలు నాకంటే బాగా చెప్పగలవారు చాలామంది ఉన్నారు. నా చేతిలోంచి వెళ్లినవి మాటలే. ఒక్క క్రియాపదం దగ్గర ఆ రెండు దేశాలూ రోజుల తరబడి పట్టుబట్టి కూర్చోవడం చూశాను. అందుకే నా జవాబులు ఎక్కువగా మాటల చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: ‘తైవాన్ చైనాలో భాగమని అమెరికా గుర్తించింది’ అని ఒక పత్రికలో చదివాను. ‘అమెరికా ఏనాడూ గుర్తించలేదు’ అని మరో పత్రికలో ఉంది. ఏది నిజం? (ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు)

మాస్టారూ, పొరపాటు మేము తెలుగు చేసిన తీరులో ఉంది. డెస్కులో మొదటి పదేళ్లూ నేను కూడా ‘గుర్తించింది’ అనే రాశాను. ఎవరూ దిద్దలేదు.

ఆ మాట ఎక్కడ పుట్టిందో చెబుతాను. 1971 జూలైలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కు భద్రతా సలహాదారైన కిసింజర్ పాకిస్తాన్ వెళ్లి, కడుపునొప్పిగా ఉందని విలేకరులకు చెప్పించి, అక్కడి నుంచి రహస్యంగా బీజింగ్ వెళ్లివచ్చారు. ఇరవై ఏళ్లకు పైగా ఒకరి గడప ఒకరు తొక్కని దేశాలవి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో నిక్సన్ వెళ్లి వారం రోజులున్నారు. ఫిబ్రవరి 28న షాంఘైలో వెలువడిన ఉమ్మడి ప్రకటన పేరుకే ఉమ్మడి. కుదరని సంగతుల మీద ఎవరి వాదన వారు విడివిడిగా రాసుకున్నారు. అలా రాద్దామన్న ఆలోచన చైనా ప్రధాని చౌ ఎన్‌లైది. కుదరనిదాన్ని కుదిరినట్టు చూపించే ప్రకటనలు వందల కొద్దీ తెలుగు చేసిన నాకు, ఆ పద్ధతి మీద ఇప్పటికీ గౌరవం ఉంది.

తైవాన్ పేరా దగ్గర అమెరికా రాసింది ఇది: తైవాన్ జలసంధికి రెండు వైపులా ఉన్న చైనీయులందరూ చైనా ఒక్కటేననీ, తైవాన్ అందులో భాగమనీ అంటున్నారు. ఆ సంగతి అమెరికా ‘అక్నాలెడ్జ్’ చేస్తోంది. ఆ వైఖరిని సవాలు చేయదు.

ఇప్పుడు మన ‘గుర్తించు’ను చూడండి. ‘చీకట్లో కూడా ఆయన్ను గుర్తించాను’ అంటాం, ఆనవాలు పట్టానని. ‘లెక్కలో తప్పు గుర్తించాను’ అంటాం, కనిపెట్టానని. ‘1971 డిసెంబర్ 6న బంగ్లాదేశ్‌ను భారత్ గుర్తించింది’ అంటాం. ఈ మూడోది చట్టపరమైన మాట. ఒక దేశం మరో దేశానికి పీట వేయడం. షాంఘైలో అమెరికా వాడిన మాట ఈ మూడోదానికి దరిదాపుల్లో కూడా లేదు. ‘మీరు ఇలా అంటున్నారని మాకు తెలుసు’ అన్నంత వరకే దాని బరువు. తెలుగులో ఒకే మాట మూడు పనులూ చేసే సరికి, తెలుసునన్నది కాస్తా ఒప్పుకున్నదిగా మారిపోయింది.

ఈ చిక్కు మనకొక్కరికే లేదు. 1979 జనవరి 1న రెండు దేశాలూ దౌత్య సంబంధాలు పెట్టుకున్నాయి. బీజింగ్ ప్రభుత్వమే చైనా ఏకైక చట్టబద్ధ ప్రభుత్వమని అమెరికా ఒప్పుకుంది. ఇక్కడ ‘గుర్తించింది’ అని ధైర్యంగా రాయవచ్చు. కానీ తైవాన్ దగ్గరికి వచ్చేసరికి ఇంగ్లీషు ప్రతిలో మళ్లీ ఆ పాత ‘అక్నాలెడ్జ్’ మాటే ఉంది. మారింది చైనీస్ ప్రతి. 1972లో దానికి ‘తెలుసుకుంది’ అనే అర్థమిచ్చే ‘రెన్‌షి దావ్’ వాడారు. ఈసారి ‘చెంగ్‌రెన్’ అని రాశారు. ఆ మాటకు ఒప్పుకోవడం అనీ, ఒక దేశాన్ని గుర్తించడం అనీ అర్థాలున్నాయి. తమకు ఇంగ్లీషు ప్రతే ప్రమాణమని అమెరికా అంది. ఒకే ప్రకటనకు రెండు భాషల్లో రెండు బరువులు. దాని మీదే ఇన్ని దశాబ్దాలు నడిచాయి.

నడిపించడానికి వాళ్లు పడిన పాట్లు కూడా చెప్పాలి. 1979 ఏప్రిల్‌లో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేసిన తైవాన్ సంబంధాల చట్టం వచ్చాక తైపీలో అమెరికాకు రాయబార కార్యాలయం లేదు. ‘అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఇన్ తైవాన్’ అనే సంస్థ ఉంది. వీసాలిచ్చేది అదే, రాయబార కార్యాలయం చేసే పనులన్నీ చేసేదీ అదే. అక్కడికి వెళ్లే దౌత్యాధికారులు చాలా ఏళ్లపాటు విదేశాంగ శాఖ నుంచి కాగితం మీద తప్పుకుని వెళ్లేవారు, తిరిగొచ్చాక మళ్లీ చేరేవారు. తైవాన్ అధ్యక్షులు అమెరికాలో దిగితే దాన్ని పర్యటన అనరు, ‘మార్గమధ్యంలో ఆగడం’ అంటారు. ఈ జాగ్రత్త ఒక్కసారి సడలితే ఏమవుతుందో 1995లో తెలిసింది. తైవాన్ అధ్యక్షుడు లీ తెంగ్-హుయ్ తాను చదువుకున్న కార్నెల్ విశ్వవిద్యాలయంలో ప్రసంగించడానికి అమెరికా వీసా ఇచ్చింది. ఆ వేసవిలోనూ, మళ్లీ 1996 మార్చిలోనూ చైనా క్షిపణులు తైవాన్ చుట్టుపక్కల సముద్రంలో పడ్డాయి. అమెరికా రెండు విమానవాహక నౌకా బృందాలను పంపింది.

ఇప్పటికీ ఒక్క వాక్యం చాలు. ‘తైవాన్ స్వాతంత్ర్యాన్ని మేము సమర్థించం’ అన్న వాక్యాన్ని 2025 ఫిబ్రవరిలో అమెరికా విదేశాంగ శాఖ తన వెబ్‌సైటులో తైవాన్ పుట నుంచి తీసేసింది. బీజింగ్ వెంటనే నిరసన తెలిపింది. 2022లో కూడా ఒకసారి అలాగే తీసి, కొద్ది వారాలకు మళ్లీ పెట్టారు.

మాస్టారూ, నా మనవి ఇది. ‘గుర్తించింది’ బదులు ‘చైనా అలా అంటోందని తమకు తెలుసని అమెరికా చెప్పింది’ అని రాయాలి. శీర్షికలో పట్టదు, నిజమే. పట్టకపోతే శీర్షిక మార్చుకోవాలి తప్ప అర్థాన్ని కుదించకూడదు.

ప్రశ్న: ఎదిగే దేశానికీ అప్పటికే పెద్దగా ఉన్న దేశానికీ యుద్ధం తప్పదని చరిత్ర చెబుతోందట. మా కాలేజీలో అందరూ ఇదే అంటున్నారు. నిజంగా తప్పదా? (ఒక డిగ్రీ విద్యార్థిని)

తప్పదని చరిత్ర చెప్పలేదమ్మా. మీ కాలేజీలో వినబడుతున్న మాటకు మూలం గ్రీకు చరిత్రకారుడు థూసిడిడీస్. క్రీస్తుపూర్వం 431లో ఏథెన్స్, స్పార్టాల మధ్య మొదలైన యుద్ధానికి ఆయన చెప్పిన అసలు కారణంలో రెండు భాగాలున్నాయి: ఏథెన్స్ ఎదుగుదల, దాన్ని చూసి స్పార్టాలో పుట్టిన భయం. హార్వర్డ్ ఆచార్యుడు గ్రాహం ఆలిసన్ గత ఐదు వందల ఏళ్లలో ఇలాంటి సందర్భాలు పదహారు ఏరి, పన్నెండు యుద్ధానికి దారితీశాయని లెక్క చెప్పారు. దీనికే ‘థూసిడిడీస్ ఉచ్చు’ అని పేరు. ఆ లెక్క పుట్టినప్పటి నుంచి జనం పన్నెండునే పట్టుకున్నారు, మిగిలిన నాలుగింటిని వదిలేశారు. థూసిడిడీస్ మాటలోనూ అంతే, ఎదుగుదలను పట్టుకుని భయాన్ని వదిలేశారు. ఒక దేశం ఎదగకుండా ఇంకొకరు ఆపలేరు. భయం అలా కాదు. అది మాటతో పెరుగుతుంది, మాటతో తగ్గుతుంది. 2015 సెప్టెంబరులో సియాటిల్‌లో షీ జిన్‌పింగ్ కూడా ఈ ఉచ్చు అనేదేదీ లోకంలో లేదనీ, పెద్ద దేశాలు పదేపదే తప్పుడు అంచనాలు వేస్తే తామే దాన్ని తయారుచేసుకుంటాయనీ అన్నారు. ఆయన విధానాలతో నాకు చాలా విభేదాలున్నాయి. ఈ మాటతో లేదు.

యుద్ధం రాని నాలుగింటిలో ఒకటి బ్రిటన్, అమెరికాలది. 1895లో వెనెజులా సరిహద్దు తగాదాలో అమెరికా గట్టిగా హెచ్చరించింది. బ్రిటన్ మధ్యవర్తిత్వానికి ఒప్పుకుంది. 1901 నాటికి మధ్య అమెరికాలో కాలువను అమెరికా ఒంటరిగా తవ్వుకోవడానికీ సమ్మతించింది. దీన్ని మరీ పెద్ద భరోసాగా తీసుకోకు. వాళ్లది ఒకే భాష.

నువ్వు చదవాల్సింది 1962 అక్టోబరు. క్యూబా సంక్షోభం నడుస్తున్నప్పుడు వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి దోబ్రినిన్ మాస్కోకు పంపే సందేశాలను తీసుకుపోవడానికి టెలిగ్రాఫ్ కంపెనీ కుర్రవాడు సైకిలు మీద వచ్చేవాడు. అణుయుద్ధం అంచున ఉన్న రాజధానుల మధ్య మాట ఆ సైకిలు వేగంతో కదిలింది. ఆ కుర్రవాడు దారిలో ఎక్కడా ఆగకూడదని రాయబారి మనసులో ఎంతగా కోరుకుని ఉంటారో ఊహించు. మరుసటి ఏడాది జూన్‌లోనే వాషింగ్టన్, మాస్కోల మధ్య నేరుగా సందేశాలు పంపుకునే లైను వేసుకోవడానికి ఒప్పందం కుదిరింది. మనం అనుకునే ఎర్ర ఫోను కాదది, టెలిప్రింటర్. రాసి పంపితే ఆలోచించుకునే వ్యవధి ఉంటుందని.

ప్రశ్న: ఇంత పెద్ద దేశాలు, ఫోను తీసి మాట్లాడుకుంటే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకు? (ఒక చిన్న వ్యాపారి)

ఫోను ఉందండీ. రెండు దేశాల నాయకుల మధ్య 1998లో, రక్షణ శాఖల మధ్య 2008లో లైన్లు పెట్టుకున్నారు. చేస్తే ఎత్తకపోవడమే సమస్య.

1999 మే 7 రాత్రి నాటో దాడుల్లో అమెరికా విమానం బెల్‌గ్రేడ్‌లో చైనా రాయబార కార్యాలయం మీద బాంబులు వేసింది. ముగ్గురు చైనా పాత్రికేయులు చనిపోయారు. పాత పటం చూసి పొరబడ్డామని అమెరికా చెప్పింది. చైనాలో ఆ మాట నమ్మినవారు తక్కువ. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఫోను చేస్తే చైనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ వారం దాకా మాట్లాడలేదు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. చనిపోయినవారు మా వృత్తివారు. ఆ వార్త రాసిన రాత్రి మా డెస్కులో ఎవరికీ మాట పెగల్లేదు.

కానీ తర్వాత అదే అలవాటుగా మారింది. 2022 ఆగస్టులో అప్పటి అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ నాన్సీ పెలోసీ తైవాన్ వెళ్లినందుకు సైనికాధికారుల మధ్య మూడు రకాల చర్చల్ని బీజింగ్ రద్దు చేసింది. 2023 ఫిబ్రవరి 4న దక్షిణ కరోలినా తీరంలో చైనా బెలూన్‌ను అమెరికా కూల్చినప్పుడు, అమెరికా రక్షణ మంత్రి ఫోనుకు అవతలి నుంచి ఉలుకూ పలుకూ లేదు. చైనా వాదన ఒకటుంది. సీటు బెల్టు ఉందన్న ధీమాతో డ్రైవరు వేగం పెంచినట్టు, ఫోను ఉందన్న ధీమాతో అమెరికా నిఘా విమానాలు మా తీరానికి ఇంకా దగ్గరగా వస్తాయని. ఆ విమానాలు వస్తున్నమాట నిజమే. అయినా ఫోను ఎత్తకపోవడాన్ని నేను సమర్థించలేను. ఆకాశంలో రెండు విమానాలు గుద్దుకున్నాక ఎవరి వాదన గొప్పదో తేల్చే తీరిక ఎవరికీ ఉండదు. 2023 నవంబరు 15న కాలిఫోర్నియాలోని వుడ్‌సైడ్‌లో బైడెన్, షీ కలిశాకే ఆ సైనిక చర్చలు తిరిగి మొదలయ్యాయి. పదిహేను నెలలు పట్టింది.

ప్రశ్న: సుంకాలు ఇప్పుడు ఎంత శాతం? ఎవరు గెలిచినట్టు? (పోటీ పరీక్షలకు చదువుతున్న ఒక పాఠకుడు)

శాతాలు మారుతూనే ఉంటాయి, పరీక్ష ముందురోజు చూసుకోండి. గుర్తుంచుకోవాల్సింది 2025 ఏప్రిల్, మే నెలలు. చైనా సరుకుపై అమెరికా సుంకం 145 శాతానికి, అమెరికా సరుకుపై చైనా సుంకం 125 శాతానికి వెళ్లాయి. అదే ఏప్రిల్‌లో చైనా ఏడు రకాల అరుదైన లోహాల ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది. మే నెలలో జెనీవాలో కూర్చుని తొంభై రోజులకు 30, 10 శాతాలకు దింపుకున్నారు. అక్టోబరు 30న దక్షిణ కొరియాలోని బుసాన్‌లో ట్రంప్, షీ కలిశారు. ఎవరూ గెలవలేదనే నా ఉద్దేశం.

ప్రశ్న: 2020లో ఒకరి కాన్సులేట్‌ను ఒకరు మూయించుకున్నారు కదా. మూయించడానికి చైనా తన చెంగ్‌డూ నగరంలోని అమెరికా కాన్సులేట్‌నే ఎందుకు ఎంచుకుంది? (అదే పాఠకుడు)

ఇది మంచి ప్రశ్న. ఆ ఏడాది జూలైలో హ్యూస్టన్‌లోని చైనా కాన్సులేట్‌ను 72 గంటల్లో ఖాళీ చేయమని అమెరికా ఆదేశించింది. గూఢచర్యం, మేధోసంపత్తి చోరీ కారణాలుగా చెప్పింది. ఆ రాత్రి కాన్సులేట్ ఆవరణలో కాగితాలు తగలబెడుతుంటే పొగ చూసి అగ్నిమాపక వాహనాలు వచ్చాయి. సిబ్బంది లోపలికి వెళ్లలేదు, గేటు బయటే నిలబడ్డారు. ఎదుటివారి అనుమతి లేకుండా గడప దాటకూడదన్నది దౌత్య మర్యాద.

చైనా ముందు కొన్ని దారులున్నాయి. వూహాన్‌ను మూయిస్తే కొవిడ్ వల్ల అక్కడి అమెరికా సిబ్బంది అప్పటికే వెళ్లిపోయారు కనుక దెబ్బ తగలదు. షాంఘై, హాంకాంగ్‌లు చాలా పెద్దవి, వాటిని ముట్టుకుంటే దెబ్బకు దెబ్బ అనడానికి వీల్లేదు, గొడవ పెంచినట్టవుతుంది. చెంగ్‌డూ 1985 నుంచి ఉంది, టిబెట్ వ్యవహారాలు చూసే కాన్సులేట్ అదే. నొప్పి తెలియాలి, ఎముక విరగకూడదు. అందుకు సరిపోయే చోటు అది. గడువు కూడా అదే, 72 గంటలు. కోపంలో ఉన్నవాళ్లు కొలత తప్పకపోవడం గమనించండి. దౌత్యంలో నాకు ఆశ కలిగించేవి ఇలాంటివే. జూలై 27 ఉదయం అక్కడ అమెరికా జెండా దించారు. ముప్పై ఐదేళ్లుగా వీసాల కోసం, చదువుల కోసం జనం వరుస కట్టిన గుమ్మమది.

ప్రశ్న: నేను అనువాద రంగంలోకి రావాలనుకుంటున్నాను. ఇలాంటి సమావేశాల్లో దుబాసీల పని ఎలా ఉంటుంది? మీకు అన్నిటికన్నా కష్టపెట్టిన మాట ఏది? (ఒక యువ పాఠకురాలు)

మొదటిదానికి 2021 మార్చి 18న అలాస్కాలో అమెరికా, చైనా దౌత్యవేత్తలు కలిసిన సమావేశం వీడియో చూడండి. యాంకరేజ్‌లో ఒక హోటలు గది. ఒక్కొక్కరు రెండేసి నిమిషాలు మాట్లాడాలన్నది అనుకున్న మాట. చైనా సీనియర్ దౌత్యవేత్త యాంగ్ జియేచీ పావుగంటకు పైగా ఆగకుండా మాట్లాడారు. ఆయనకు ఇంగ్లీషు చక్కగా వచ్చు, యువకుడిగా ఉన్నప్పుడు స్వయంగా దుబాసీ పని చేశారు. అయినా దేశం మాట దేశం భాషలోనే చెప్పారు. దుబాసీ జాంగ్ జింగ్ తల ఎత్తకుండా నోట్సు రాసుకుంటూనే ఉన్నారు. యాంగ్ ఆపి, దుబాసీకి ఇది పరీక్షే అన్నారు. ఆమెకు జీతం పెంచాలని అవతలి నుంచి అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి బ్లింకెన్ అన్నారు. ఆ గదిలో ఇరుపక్షాలూ ఏకీభవించిన క్షణం కెమెరాల ముందు అదొక్కటే. ఆమె మొత్తం ప్రసంగాన్ని తొణకకుండా ఇంగ్లీషులో వినిపించారు. కోపం ఉన్నచోట కోపాన్ని ఉంచి, తన గొంతులోకి దాన్ని రానివ్వలేదు. నేర్చుకోవాల్సిన విద్య అది.

రెండోదానికి జవాబు: ‘సారీ’.

2001 ఏప్రిల్ 1న హైనాన్ ద్వీపానికి దగ్గర్లో అమెరికా నిఘా విమానం, చైనా యుద్ధ విమానం ఢీకొన్నాయి. చైనా పైలట్ వాంగ్ వెయ్ సముద్రంలో పడిపోయారు, దొరకలేదు. దెబ్బతిన్న అమెరికా విమానం అనుమతి లేకుండా హైనాన్‌లో దిగింది. అందులోని 24 మందిని చైనా తన అధీనంలో ఉంచుకుంది. వారిని వదలాలంటే క్షమాపణ చెప్పాలంది. తప్పు మాది కానప్పుడు చెప్పేది లేదంది అమెరికా. ఆ పదకొండు రోజులూ మా డెస్కులో మేము చూసింది ఒక మాట మెట్టు మెట్టుగా దిగిరావడం. మొదట ‘రిగ్రెట్’ అన్నారు. తర్వాత ‘సారీ’. చివరికి ఏప్రిల్ 11న అమెరికా రాయబారి జోసెఫ్ ప్రూహర్ చైనా విదేశాంగ మంత్రికి ఇచ్చిన ఉత్తరంలో ‘వెరీ సారీ’ అని రెండుసార్లు: పైలట్ కుటుంబానికి కలిగిన నష్టానికి ఒకసారి, మాటపూర్వకమైన అనుమతి లేకుండా గగనతలంలోకి వచ్చి దిగినందుకు ఒకసారి.

ఆ సాయంత్రం కాపీ నా బల్ల మీదికి వచ్చింది. ‘అమెరికా క్షమాపణ’ అని శీర్షిక పెట్టి ఇచ్చాను. న్యూస్ ఎడిటరు గారు దాన్ని పక్కన పెట్టి, ‘ఉత్తరంలో ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి’ అన్నారు. వెతికాను. లేదు. ఇంగ్లీషులో ఎవరింట్లోనైనా చావు జరిగితే ‘సారీ’ అంటారు, కాలు తొక్కినా ‘సారీ’యే అంటారు. మొదటిదానిలో తప్పు ఒప్పుకోవడం లేదు. తెలుగులో ఆ రెండిటికీ సరిపోయే ఒక్క మాట లేదు. ‘చింతిస్తున్నాం’ అంటే పరామర్శ. ‘మన్నించండి’ అంటే అపరాధం. ఏదో ఒక పక్షాన నిలబడక తప్పదు. చైనీయులకూ ఇదే ఇబ్బంది. అక్కడి పత్రికలు ‘షెన్‌బియావ్ చియన్‌యీ’ అని రాశాయి. అది క్షమాపణ వైపు బాగా ఒరిగిన మాట. వాషింగ్టన్ తన ప్రజలకు క్షమాపణ చెప్పలేదని చెప్పుకుంది, బీజింగ్ తన ప్రజలకు చెప్పించామని చూపించింది. దాన్ని మోసం అనేవారున్నారు. నేను అనలేను. మర్నాడు ఉదయం ఆ 24 మంది ఇళ్లకు బయలుదేరారు. ఎవరి మీదా తుపాకీ పేలలేదు.

అర్ధరాత్రి దాటాక మేము ‘చాలా విచారిస్తున్నాం: అమెరికా’ అని శీర్షిక ఖాయం చేసి, ఉత్తరంలోని ఆ రెండు వాక్యాలనూ యథాతథంగా కింద బాక్సులో వేశాం, చదివేవారు వారే తూచుకుంటారని. వాంగ్ వెయ్ ఫొటో మొదటి పేజీలోనే వేశాం. అతను ముప్పై దాటి ఎంతో కాలం కానివాడు. ఆ ‘విచారం’ అతని కుటుంబానికి సరిపోయిందో లేదో మా డెస్కులో ఎవరమూ చెప్పలేకపోయాం.